తట్ట మార్చి చూడాలి

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఫ్లోరెన్స్‌కి పదిహేనేళ్ల సర్వీసు. గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేస్తుంది. అక్కడో కట్టుబాటు ఉంది. ఎవరు ఏరిన తట్ట వాళ్లే సరిచూసుకోకూడదు, పక్క మనిషి చూడాలి.

ఆమెను సాఫ్ట్‌వేర్ జోలికి లాగింది అత్తగారు ఎలీసబెతుకి చేయించే డయాలసిస్. ఆసుపత్రిలో ఆమె వంతు వేళలు వారం వారం మారతాయి. వాటిని గుర్తుచేసే ఉచిత యాప్ ఒకటుంది. టెక్కలి లెక్చరర్ గౌరీశంకర్, మరికొందరు జీతం భత్యం లేకుండా రాసి, కోడ్ అందరికీ తెరిచి ఉంచారు. పోయిన నెల, కోడలు పనికెళ్లిన పూట, అది మోగలేదు. వంతు తప్పి ముసలావిడ ఒళ్లంతా ఉబ్బింది, ఊపిరాడక అల్లాడిపోయింది. ఆ వారమంతా ఫ్లోరెన్స్‌కి అన్నం సయించలేదు.

ఏడుస్తూ కూర్చునే రకం కాదావిడ. అత్తగారి పాత ఫోన్‌ని పది రకాలుగా సతాయించి కారణం పట్టేసింది. చార్జింగ్ అయిపోయి ఆగిన ఫోన్ మళ్లీ వెలిగితే గంట మోగడం లేదు. వెంటనే గౌరీశంకర్‌కి ఫోన్ కొట్టింది.

"సారూ, ఇది ఎవులు సూసినారు?"

"రాసినవాళ్లమే చూసుకున్నామమ్మా."

"అదే మరి! మీ తట్ట మీరే సూసుకుంటే తప్పేటి కనపడతాది?"

ఆయన నొచ్చుకోలేదు, మంచివాడు. రాసినవాళ్లు కాక ఇంకొకరు, అదీ పాత ఫోన్‌లో, పరీక్షించి సరే అంటేనే విడుదల అని ప్రాజెక్టు నియమాల్లో ఎక్కించాడు. ఏమేం పరీక్షించాలో జాబితా ఫ్లోరెన్సే చెప్పింది.

సరిచేసిన యాప్ వచ్చింది. ఫోన్ ఆపి వెలిగిస్తే మోగింది. సరే అనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ జాబితా తన తట్టే కదా! ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఫోన్ అత్తగారికిచ్చి దూరంగా కూర్చుంది.

మోగింది. ఎలీసబెతు ఏదో నొక్కి పక్కన పడేసింది.

"అదేటత్తా, కట్టేసినావు?"

"ఎవులో ఫోన్ సేసినారనుకున్నానే. వంతని నాకెలాగ తెలుత్తాది? నాకు అచ్చరం ముక్క రాదు."

ఫ్లోరెన్స్‌కి తల కొట్టేసినట్టయింది. రోజూ ఈవిడకి బైబిలు చదివి వినిపించేది తనే. ఇంట్లో ఉన్న పూట గంట మోగితే చూసి చెప్పేదీ తనే. అయినా ఈ సంగతి తట్టలేదు.

విడుదల రెండు వారాలు ఆగింది. ఇప్పుడు యాప్‌లో ఇంటివాళ్ల గొంతు రికార్డు చేసుకోవచ్చు. ఫ్లోరెన్స్ ఫ్యాక్టరీలో తట్ట ముందు కూర్చున్న వేళకి ఇంట్లో ఆమె గొంతు పలుకుతుంది: "అత్తా, ఈ రోజు నీ వంతు. బయల్దేరు."

ఎలీసబెతు చెప్పులేసుకుంటూ ఫోన్‌కే జవాబిస్తుంది. "వత్తన్నానే తల్లీ, వత్తన్నాను."