పాతరలో ఉమ్మెత్తాకు పొగ

దయ్యాల మాట ఎత్తితే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఎవరికో ఏదో పట్టిందంటే, ముందు ఆ మనిషికి కడుపునిండా అన్నం పెట్టి పడుకోనివ్వండి అని పోట్లాడేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే నాతోపాటు పాతరలో ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. పోలీసు చర్యకు కాస్త ముందు, వానలు పడుతున్న రోజులు. నాకు పదేళ్లుంటాయేమో. మా బాపు నిజాంకు ఎదురుతిరిగిన సంఘంలో తిరుగుతున్నాడని రజాకార్లు ఒక మధ్యాహ్నం ఊరిమీద పడ్డారు. ఆయన గుట్టల్లోకి వెళ్లిపోయాడు. ఆయన దొరక్కపోతే ఇంట్లో ఆడవాళ్లను పట్టుకుపోతారని అందరికీ తెలుసు.

అమ్మ, చిన్నమ్మ, ఆమె చంటిపాప, నేను దొడ్లో ఉన్న జొన్నల పాతరలోకి దిగాం. గింజలు దాచుకోవడానికి భూమిలో తవ్విన గుంత అది. ఖాళీ అయిన పాతరలో చెడుగాలి నిలిచి ఉంటుందని, గాలి ఆడనిచ్చి, దీపం దింపి చూసిగానీ ఎవరూ దిగరు. ఆ పూట అంత తీరిక ఎక్కడిది? పక్కింటి అక్క పైన బండ మూసి, పేడతో అలికి, గడ్డి కప్పి పోయింది.

నాకు ఉబ్బసం. పాత జొన్నల దుమ్ము ముక్కులోకి పోగానే పట్టుకుంది. గొంతులో పిల్లికూతలు. కాళ్లు చాపుకునే చోటు లేదు.

పైన బూట్ల చప్పుడు మొదలైంది. చంటిపాప చిన్నమ్మ రొమ్ముమీదే నిద్రపోతోంది. అమ్మ నా నోరు మూసింది. కూత ముక్కులోంచి వచ్చింది. ముక్కూ మూసింది. గింజుకోవడానికి కూడా వీల్లేదు. నేను చచ్చిపోతున్నానని నాకు తెలిసింది, అమ్మకూ తెలిసింది.

ఉబ్బసం వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ ఎండిన ఉమ్మెత్తాకు నిప్పులమీద వేసేది. ఎక్కువైతే మతి చెడుతుందని చిటికెడే వేసేది. ఆ పొగ నేరుగా పీలిస్తే నాకు దగ్గు తన్నుకొచ్చేది. అందుకని తనే నోట్లోకి లాగి, చల్లారనిచ్చి, కొంచెం కొంచెంగా నా ముక్కు దగ్గర ఊదేది. ఆమె చుట్ట వాసన కూడా అందులో కలిసేది. ఆ ఎండాకాలమే ఆమె పోయింది.

పాతరలో ఆ పొగ నా మొహానికి తగిలింది. గోరువెచ్చగా, ఉమ్మెత్తా చుట్టా కలిసిన వాసనతో. ఒకసారి ఊది, కాస్త ఆగి, మళ్లీ. అమ్మ చెయ్యి వదులైంది. నా ఛాతీ విచ్చుకుంది, కూత ఆగిపోయింది. పైన కాసేపు తిట్టుకుంటూ తిరిగి, వాళ్లు వెళ్లిపోయారు.

గాలి చాలక భ్రమపడ్డానని నేనూ అనుకున్నాను. కానీ పక్కింటి ఆమె బండ తీసి, మేం బయటికి రాగానే చిన్నమ్మ మా అమ్మను అడిగింది:

"అక్కా, లోపల పొగేసిందెవలు?"

మా దగ్గర నిప్పు లేదు, ఆకు లేదు. పొయ్యి కూడా నీళ్లు చల్లి ఆర్పే దిగాం. చంటిపాప బట్టలు సైతం ఆ వాసనే వేశాయి.

అమ్మ ఆనాటి మాట నేను అత్తగారింటికి వెళ్లేముందు ఒక్కసారి చెప్పింది.

"బిడ్డా, నువ్వొక్కదానివి పోతే ముగ్గురం బతుకుతమనుకున్న. నా చెయ్యి నేను తియ్యలే. ఎవలో నా చేతి ఏళ్లు ఒక్కొక్కటే ఇడిపించిన్రు."

ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మమీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఆమె మాత్రం ఆ రోజు తర్వాత నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, మొహం ఎన్నడూ తన చేత్తో కడగలేదు.