మూత పెట్టి వండిన స్టీక్

నేను జీవితంలో ఒక్కసారే గట్టిగా అరిచాను. సూరత్‌లోని అడాజన్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, మూసిన తలుపుకు ఇవతల, చేతిలో పట్టకారుతో. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఆ రోజు పేజీలో "వాన. టీచర్ తిన్నది" అని మాత్రమే రాసుకున్నాను.

అది 2021. కరోనా రెండో విడత తగ్గి, సూరత్‌లో వానలు మొదలైన రోజులు. మా నాన్న పనిచేసే కార్ఖానాలో మరమగ్గాలు ఇంకా సగమే తిరుగుతున్నాయి. నేను తెలుగు నేతవాళ్లు ఎక్కువగా ఉండే డిండోలిలో, మా ఇంటికి దగ్గర్లోనే, ఒక చిన్న వంటశాలలో పనికి కుదిరాను. యజమాని జావేద్ భాయ్ పెద్ద హోటల్లో గ్రిల్ దగ్గర నిలబడి వండినవాడు. హోటల్ మూతపడ్డాక తనకు తెలిసిన పనిని డబ్బాల్లో పెట్టి ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు. దీన్ని మీల్ కిట్ అంటారు. అందులో వండిన భోజనం ఉండదు. ఇంట్లో వండుకోవడానికి సిద్ధం చేసిన సరుకు ఉంటుంది.

మా దగ్గర బాగా పోయేది స్టీక్ కిట్. స్టీక్ అంటే మాంసాన్ని కూరకు కొట్టినట్టు చిన్న ముక్కలు చేయకుండా, వేలి మందాన పలకలాగా కోసి, మంట మీద రెండు వైపులా కాల్చుకునేది. లేత మేక తొడ నుంచి అడ్డంగా కోయించి, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి మెత్తబరిచి, మళ్లీ శుభ్రంగా తుడిచి ప్యాక్ చేసేవాళ్లం. పక్కన ఒక చిన్న పొట్లంలో సీజనింగ్, అంటే కాల్చే ముందు పైన చల్లే గల్లుప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. ఇంకో పొట్లంలో ఫ్లేవర్డ్ బటర్, వాటితోపాటు ఎలా వండాలో రాసిన కాగితం.

ఆ బటర్ నా పని. మెత్తబడిన వెన్నలో వెల్లుల్లి, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మతొక్క తురుము కలిపి, బటర్ పేపర్లో పొడుగ్గా బిగించి చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. గట్టిపడ్డాక బిళ్లలుగా కోయాలి. వేడి స్టీక్ మీద ఒక బిళ్ల పెడితే కరిగి లోపలికి దిగుతుంది. మొదటి రోజే నా చుట్టు బాగా కుదిరిందని జావేద్ భాయ్ ఆశ్చర్యపోయాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేతులకు అది కొత్త కాదు.

అడాజన్ వైపు పోయే డబ్బాలను మాత్రం నల్ల కవరులో కట్టేవాళ్లం. అలా కట్టమని ఎవరూ చెప్పలేదు. అక్కడ శాకాహారులే ఎక్కువ, అపార్ట్‌మెంట్ సొసైటీలు చాలావాటిలో మాంసం వండకూడదన్నది రాయని నియమం. సూరత్‌లో పెరిగినవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

నా రెండో పని నాకు గిట్టనిది, ఫోన్. వాట్సాప్‌లో రాయమంటే పేజీలు రాస్తాను, మాట్లాడమంటే తడబడేదాన్ని. కానీ తెలుగువాళ్ల ఫోన్లు నాకే ఇచ్చేవారు. ఒకరోజు మధ్యాహ్నం అలా వచ్చింది ఆ ఫోను.

"హలో, గీ స్టీకు పంపింది మీరేనా?"

"అవునండీ. మీ సందేహం ఏమిటో చెప్పండి."

"ఏంది బిడ్డా, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నవ్? ఏ ఊరు మీది?"

"సిరిసిల్ల దిక్కు. పుట్టింది ఈడ్నే."

"గట్ల చెప్పు మరి! పుస్తకాలు బాగ చదువుతవు గదా? గొంతు వింటేనే తెలుస్తది."

సరుకుల గదిలో బియ్యం బస్తాల వెనక కూర్చుని నేను పుస్తకాలు చదువుతానని వంటశాలలో ఎవరికీ తెలియదు. ఆమె తన పేరు చెప్పింది. సులోచన టీచర్. తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. పక్క సందులో మగ్గాలు దడదడలాడుతుంటే వాటి మీదుగా అరిచి అరిచి చదువు చెప్పిన మనిషి. శేష జీవితంలోనైనా చప్పుడు లేని ఇల్లు కావాలని డిండోలి విడిచి అడాజన్‌లో అద్దెకు చేరింది. ఒక్కతే ఉంటుంది.

"ముక్కు పోయింది బిడ్డా," అంది. "కరోనా తగ్గింది గానీ వాసన మళ్ల రాలే. పప్పు తిన్నా మట్టే, పులుసు తిన్నా మట్టే. నెల దాటింది, కంచం ముందల కూసుంటున్న, లేస్తున్న. జాకెట్లన్నీ వదులైనయి. డాక్టరేమో తినమంటడు. ఏం తినాలె?"

"మరి స్టీక్ ఎందుకు తెప్పించుకున్నరు టీచర్?"

"వాసన పోయినా నాలుకకు ఉప్పు, కారం, పులుపు తెలుస్తయట. పంటికి కరకర తెలుస్తదట. మీ కాగితం మీద పైన కరకర, లోపల మెత్తన అని రాసి ఉంటే ఆశపడ్డ. తీరా చూస్తే ఉడికిన రబ్బరు. నీళ్లు ఊరి, బూడిదరంగుల తేలింది."

ఆమె ఆలోచన సరైనదే. మన కూరల రుచిలో ఎక్కువ భాగం వాసనే. ముక్కు పనిచేయకపోతే ఎంత మసాలా వేసినా దండగ. స్టీక్ అలా కాదు. గల్లుప్పు నాలుక మీద పేలుతుంది, మిరియం చురుక్కుమంటుంది, నిమ్మ పుల్లగా తగులుతుంది, కాలిన పైపొర పంటికింద విరుగుతుంది. ఆ పైపొర రావడాన్ని సియర్ అంటారు. బాగా కాలిన ఇనుప పెనం మీద పొడి మాంసం పడ్డప్పుడే అది వస్తుంది. తడి ఉంటే మాంసం కాలదు, ఉడుకుతుంది.

జావేద్ భాయ్‌కి చెప్పాను. "నహలా దియా క్యా?" అని నవ్వాడు. దానికి స్నానం చేయించారా అని.

టీచర్‌ను అడిగితే నిజమే. ఉప్పు, పసుపు వేసి బాగా కడిగిందట.

"కొత్తిమీరను సబ్బుతోటి కడిగిన రోజులు బిడ్డా ఇవి. మాంసం కడగకుంట పొయ్యి మీద ఎట్ల వేస్తరు?"

తప్పు మాది కూడా. కడగొద్దని మా కాగితంలో లేదు. మన ఇళ్లలో మాంసం ఇంటికి రాగానే పసుపు నీళ్లు పోస్తారని హోటల్లో పెరిగిన జావేద్ భాయ్‌కి తట్టలేదు. ఇంకో కిట్ పంపాం. కడగవద్దు, పొడి గుడ్డతో అద్దండి, ఉప్పు సరిగ్గా పెనం మీద వేసే ముందు చల్లండి, మంట పెద్దగా పెట్టండి అని ఫోన్లో చెప్పాను.

మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి ఆమె గొంతులో హాస్యం లేదు.

"కడగలే. తుడిచిన. అయినా గదే రబ్బరు. ఇగ వదిలేస్త బిడ్డా. నీకు శ్రమ. గ్లాసెడు మజ్జిగ తాగి పండుకుంట, అంతే."

ఆ "వదిలేస్త" అనే మాట నన్ను పట్టుకుంది. తిండినే వదిలేస్తానంటోంది ఆమె. ఆమెది బటన్ల ఫోను, వీడియో పంపడం కుదరదు. జావేద్ భాయ్ ముందుకు వెళ్లి, "నేను పోయి చూస్తా" అన్నాను. ఆయన ఉల్లిపాయ కోయడం ఆపి, "తూ?" అన్నాడు, నువ్వా అని. ఆ ఒక్క అక్షరంలో ఎంత అనుమానమంటే, నాకు తల ఎత్తక తప్పలేదు. "హా, నేనే," అన్నాను.

రెండు మాస్కులు పెట్టుకుని, ఐస్ డబ్బాలో కిట్ పెట్టుకుని బస్సెక్కి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ నల్ల కవరు వైపు చూసి ఏముందని అడిగాడు. "మఖ్ఖన్," అన్నాను. వెన్న కూడా ఉంది కదా.

టీచర్ తలుపు తెరిచి నన్ను లోపలికి లాగినంత పని చేసి వెంటనే మూసింది. తర్వాత ఒక పాత టవల్‌ను మడిచి తలుపు కింద సందులో కుక్కింది. ఇల్లంతా అగరుబత్తుల పొగ. వానాకాలపు ఉక్కపోతలో కిటికీలన్నీ గడియ పెట్టి ఉన్నాయి. మనిషి నేను ఊహించినదానికన్నా చిన్నగా ఉంది, భుజాల మీంచి జాకెట్ జారుతోంది.

"నువ్వేం చెప్పకు," అంది. "నేనెట్ల చేస్తనో చూడు. తప్పు పట్టు."

పెనం పెట్టింది. స్టవ్ సన్నమంట మీద పెట్టింది. స్టీక్ వేయకముందే ఇంత పెద్ద మూత తెచ్చి పక్కన సిద్ధంగా ఉంచుకుంది.

"మంట పెద్దగ పెట్టమన్న గదా టీచర్?"

"పెడితే పొగ లేస్తది."

"మూత ఎందుకు?"

"వాసన బయటికి పోవద్దని," అంది, అదేదో ఉప్పు వేయడమంత మామూలు సంగతన్నట్టు.

అప్పుడు అర్థమైంది. రెండు స్టీకులూ చెడిపోయింది ఇక్కడ. టీచర్ వంట చేయడం లేదు, దాచిపెడుతోంది. గుడ్డూ చేపా అన్నీ ఇన్నేళ్లూ ఇలాగే మూత కింద, సన్నమంట మీద చేసుకుంది. కూర అయితే దానికి ఓర్చుకుంటుంది. స్టీక్ ఓర్చుకోదు.

"గిట్లయితే ఎన్నిసార్లు చేసినా రాదు టీచర్. మూత తీయాలె. పెనం పొగలు రావాలె. కిటికీ తెరవాలె."

ఆమె మూత చేతిలోకి తీసుకుంది. "కింద సొసైటీ సెక్రెటరీ ఉంటడు," అంది. "చెడ్డోడు కాదు. నాకు ఊపిరాడనప్పుడు ఆక్సిజన్ మిషన్ మోసుకచ్చింది ఆయనే. ఎదురింటామె పద్నాలుగు రోజులు కిచిడీ పంపింది. గంత మంచోళ్లు బిడ్డా. గందుకే భయం ఎక్కువ."

జాకెట్ జారిపోతున్న ఆమె భుజం నా కళ్ల ముందే ఉంది. చేయి చాపి స్టవ్ పూర్తిగా పెద్దది చేశాను. ఆమె నన్నూ మంటనూ చూసింది. మూతను సింక్‌లో పడేసింది. నీళ్లు చిలకరిస్తే చుక్కలు పెనం మీద గంతులేసేదాకా ఆగాం. ఉప్పూ మిరియాలూ చల్లి స్టీక్ వేశాను. సర్రుమని అంత చప్పుడు ఆ వంటింట్లో ఎప్పుడూ వినిపించి ఉండదు. పొగ కమ్ముకుంది. టీచర్ దగ్గుతూ వెళ్లి తుప్పుపట్టిన గడియను రెండు చేతులా లాగి కిటికీ తెరిచింది.

పొగ బయటికి, వానజల్లు లోపలికి. తిరగేశాను. పైపొర బెల్లంపాకం రంగులో ఉంది. టీచర్ వంగి చూసి చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టబోయింది.

అప్పుడే బెల్లు మోగింది. వెంటనే తలుపు మీద గట్టిగా కొట్టడం. "టీచర్‌జీ! ధువా ఆ రహా హై! ఆగ్ లగీ క్యా?" పొగ వస్తోంది, నిప్పంటుకుందా అని సెక్రెటరీ.

టీచర్ ముఖం పాలిపోయింది. ఆమె చేయి నేరుగా స్టవ్ మీదికి పోయింది. రెండో వైపు ఇప్పుడే మొదలైంది. ఇప్పుడు ఆర్పేస్తే మూడోదీ రబ్బరే, ఇక నాలుగోది ఉండదు, మజ్జిగే. నేను ఆమె చేయి పట్టుకుని ఆపాను. తలుపు దగ్గరికి వెళ్లి, పట్టకారు ఇంకా చేతిలోనే ఉండగా, నా గొంతులో అంత ఉందని నాకే తెలియనంత గట్టిగా అరిచాను.

"దో మినిట్ రుకియే! గోష్త్ పక్ రహా హై!"

రెండు నిమిషాలు ఆగండి, మాంసం వండుతున్నాం అని. ఆ మెట్ల మీద ఆ మాటను అంత బాహాటంగా ఎవరూ పలికి ఉండరు. బయట తలుపు కొట్టడం ఆగింది. వెనక్కి చూస్తే టీచర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

స్టీక్ దించి పళ్లెంలో పెట్టి పైన బటర్ బిళ్ల పెట్టాను. దించగానే కోయకూడదు. కాసేపు వదిలేస్తే రసం లోపలే సర్దుకుంటుంది, దాన్ని రెస్ట్ అంటారు. ఆ వ్యవధిలో టీచర్ టవల్ తీసేసి తలుపు బార్లా తెరిచింది.

సెక్రెటరీ గుజరాతీ పెద్దాయన, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మాటలు హిందీలో సాగాయి.

"టీచర్‌జీ, మీరు కూడానా? నియమం మీకు తెలుసు కదా."

"తెలుసు భాయ్. కాగితం మీద ఎక్కడుందో మాత్రం తెలియదు."

"మీ ఇంటి ఓనర్‌కి ఫోన్ చేయాల్సి వస్తుంది."

"చేయండి. నేనూ చేస్తాను. మీరు ఆ మిషన్ మోసుకొచ్చి నా ప్రాణం నిలబెట్టారు. నిలబెట్టిన ప్రాణం తినకపోతే ఎలా? ఎండిపోవడానికా నిలబెట్టింది?"

ఆయన ఆమె భుజాల వైపు చూశాడు. అంత బక్కచిక్కిందని అప్పుడే గమనించినట్టున్నాడు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "కిటికీ అన్నా మూసుకోండి," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

టీచర్ కూర్చుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఉప్పు," అంది. నమిలింది. "కారం... నిమ్మకాయ." ఇంకా నమిలింది. "కరకరమంటుంది బిడ్డా." వాసన రాలేదు, అద్భుతమేమీ జరగలేదు. కానీ ఆమె పళ్లెం ఖాళీ చేసింది. కరిగిన వెన్నను వేలితో తుడుచుకుని నాకింది.

ఆ తర్వాత మా కాగితంలో రెండు వాక్యాలు చేర్చాను. కడగవద్దు, తుడవండి. మూత పెట్టవద్దు, కిటికీలు తెరవండి. రెండోది తీసేయమని జావేద్ భాయ్ అన్నాడు, అడాజన్ ఆర్డర్లు పోతాయని. తీయలేదు. వంట చెడిందని ఎవరైనా ఫోన్ చేస్తే పొయ్యి గురించే అడగాలని అంతకుముందు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ ఇంట్లో దేనికి భయపడుతూ వండారో కూడా అడుగుతాను. చాలాసార్లు రుచి చెడేది అక్కడే. టీచర్ మళ్లీ ఫోన్ చేయలేదు. అదే చిరునామాకు ఎస్సెమ్మెస్‌లో ఆర్డర్లు మాత్రం వచ్చేవి, చివర్లో ఒక ముక్క జోడించి: నల్ల కవరు వద్దు.

ఆ రోజు బయల్దేరేముందు, సెక్రెటరీ అడిగాడు కదా అని, నేను కిటికీ మూయబోయాను. టీచర్ కంచం కడుగుతూనే అంది:

"ఉండనీ బిడ్డా. నాకెట్లాగూ వాసన రాదు. వాళ్లకైనా రానీ."