తుపాకీ కూడా బయటే

మా ఒంగోల్లో అభ్యర్థి గుడికొస్తే పూలదండతో ఎదురెళ్తారు. అమెరికాలో, క్యారీ అనే ఊరి గుడిలో నేను చూసింది వేరు.

తుపాకీతో ప్రార్థనా స్థలాల్లోకి వెళ్లేవాళ్లను ఎవరూ ఆపకుండా రాష్ట్ర చట్టం మారుస్తానని ప్రచారం చేస్తున్న అభ్యర్థి ఒకాయన ఓట్ల కోసం వచ్చాడు. నడుముకు తుపాకీ ఉంది. బూట్లు విప్పి లోపలికి రాబోతుంటే, చెప్పుల స్టాండ్ చూసుకునే సుగుణ ఆంటీ అడ్డంగా నిలబడింది.

"సర్, గన్ కూడా బయటే."

"అది నా హక్కు, మేడమ్."

"బూట్లు వేసుకోవడమూ మీ హక్కే. విప్పారుగా!"

ఆవిడ అంగుళం కూడా కదల్లేదు. చివరికి ఆయనే వెళ్లి తుపాకీని కార్లో పెట్టి వచ్చాడు.

దర్శనమయ్యాక ఆంటీయే పులిహోర పెట్టింది. "అయితే మీ ఓటు నాకేనా?" అన్నాడాయన నవ్వుతూ.

"ప్రసాదం అందరికీ పెడతాం సర్. ఓటు అలా కాదు."