ఎడమకి ఎరుపు

మొన్న కళ్ళజోడు మార్పించుకుందామని పంజాగుట్ట వెళ్ళాను. షాపులో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి నా ముక్కు మీద బరువైన ఇనప చట్రం ఒకటి తగిలించి, అద్దాలు వేస్తూ తీస్తూ, చివరికి గోడ మీద సగం ఎరుపు, సగం ఆకుపచ్చ వెలుగు పడేట్టు చేసి, "ఎరుపులో అక్షరాలు క్లియర్‌గా ఉన్నాయా మేడమ్, గ్రీన్‌లోవా?" అని అడిగింది. ఎవరైనా ఠక్కున చెప్పేసే ప్రశ్నే. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి మళ్ళీ అడిగింది. రెండూ ఒకేలా ఉన్నాయమ్మా అన్నాను. "ఒకేలా ఉన్నాయంటే మీ పవర్ కరెక్ట్‌గా కుదిరినట్టే మేడమ్" అంది. మా పెదనాన్న ఆ మాట వినుంటే కాగితం మీద రాయించి ఫ్రేము కట్టించుకునేవాడు.

పెదనాన్న అంటే మా అమ్మ అక్కగారి భర్త. పుట్టింది కాకినాడలో. ఉద్యోగం మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వాఫీసులో, డ్రాఫ్ట్స్‌మన్‌గా. కాపురం అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన ఒక సందులో, లిఫ్టు లేని బిల్డింగు రెండో అంతస్తులో. సముద్రానికి ఇన్ని వందల మైళ్ళ దూరంలో కూర్చుని ఆయన యుద్ధ ఓడలు తయారుచేసేవాడు. బొమ్మ ఓడలు అంటే ఆయనకి ఒళ్ళు మండేది. అసలు ఓడలో మీటరు పొడవున్నది ఈయన ఓడలో అయిదు మిల్లీమీటర్లు. అందులో అరమిల్లీమీటరు తేడా వచ్చినా ఆ పూట అన్నం సయించేది కాదు. కొన్న సామాను చాలా తక్కువ. ఫిరంగి గొట్టాలు డాక్టరు పారేసిన సూదులు. కమ్మీలు పాత టెలిఫోను తీగలోంచి ఊడదీసిన రాగి పోగులు. లంగరు గొలుసు మా పెద్దమ్మ తెగిన గిల్టు గొలుసు. ఓడ పొట్ట మాత్రం అమీర్‌పేట ప్రసాదం. అక్కడ వారానికొక ఇన్‌స్టిట్యూట్ బోర్డు మారుతుంది గదా, ఆ పాత బోర్డుల ప్లాస్టిక్ అట్టలు తెచ్చి కోసి అతికించేవాడు. అరవైల నాటి డిస్ట్రాయర్ అనే రకం యుద్ధ ఓడకి నమూనా ఒకటుంది. దాని డెక్కు ఊడదీస్తే లోపల 'ముప్పై రోజుల్లో జావా' అని ఇంతంత అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంత పిచ్చి ఉన్నవాడు నేవీలో ఎందుకు చేరలేదంటే, చేరడానికి వెళ్ళాడు. ఇరవయ్యో ఏట వైజాగ్ వెళ్ళి, పరుగు పందెం గెలిచి, ఈత గెలిచి, చివర్లో వెనక్కి వచ్చేశాడు. ఛాతీ అరంగుళం తక్కువైందని ఇంట్లో చెప్పాడు. మేమంతా దాన్నే నమ్మి, పండక్కి భోజనాల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇంకో ముద్ద తినుంటే అడ్మిరల్ అయిపోయేవాడివి పెదనాన్నా అని ఏడిపించేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు. అసలు సంగతి నాకు పెళ్ళయ్యాక ఎప్పుడో పెద్దమ్మ చెప్పింది. రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారట. ఈయనకి చుక్కలే గానీ అంకె కనపడలేదు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే మట్టి రంగు. అది విన్నాక నాకు చాలా విషయాలు ఒక్కసారి అర్థమయ్యాయి. ఆ ఇంట్లో టమాటాలకి ఆయన్ని ఎందుకు పంపరో, పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నలు పడితే పక్క బండి కదిలేదాకా ఈయన స్కూటరు ఎందుకు కదలదో. ఎవరికీ చెప్పొద్దే అని పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళ సందులో ఒకడు రంగుల గుడ్డోడు అన్నాడట. ఆ 'గుడ్డి' అనే మాట ఆయన తట్టుకోలేడు, అది మళ్ళీ చెవిన పడకూడదనే అరంగుళం కథ అల్లుకుని అన్నేళ్ళు దాని వెనక దాక్కున్నాడు.

అందువల్ల ఓడ కట్టడం ఆయన వంతు, రంగులు పెద్దమ్మ వంతు. చూసేవాళ్ళకి మాత్రం ఆవిడకి పెయింటింగు సరదా అని చెప్పేవారు. శనివారం నాకు హాఫ్ డే. ఆఫీసు నించి అటే వెళ్ళి వాళ్ళింట్లో భోంచేసేదాన్ని, కాబట్టి ఆ మధ్యాహ్నాలు నా కళ్ళముందే ఉన్నాయి. భోజనాల బల్ల మీద పాత దుప్పటి, దాని మీద ఓడ. ఆయన ఎప్పుడూ ఓడ వెనక చివర, నడిపేవాడి చోట్లో కూర్చునేవాడు. ఆవిడ ఎదురుగా, ఓడ ముక్కు దగ్గర. రంగులో కలిపే థిన్నర్ వాసనకి ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఊపిరి వదులుతూ ఒక్కో చుక్కా పెట్టేది. ఊపిరి బిగబడితే చెయ్యి వణుకుతుందని ఆయన నేర్పాడు. అన్నిటికన్నా చివర ఓడకి రెండు పక్కలా ఆవగింజంత దీపాలు పెట్టాలి, ఎడమ పక్క ఎర్రది, కుడి పక్క ఆకుపచ్చది. మొదటి ఓడ నాడు ఆయన చెప్పిన కొండగుర్తు ఆవిడకి నోటికి పట్టేసింది. ఎడమకి ఎరుపు, ఎ-కి ఎ. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు పైకి అనుకుంటూ పెట్టేది. ఆ చుక్కలు ఎండేదాకా ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

వాళ్ళకి తగువంటూ ఉంటే ఒక్క మాట దగ్గరే. పెద్దమ్మ దాన్ని ఎప్పుడూ పడవ అనేది. పడవ కాదు, ఓడ అని ఆయన దిద్దేవాడు. ఇంట్లో పొద్దస్తమానం ఓడ, ఓడ అంటుంటే ఓడిపోయినట్టే ఉంటుంది, నేననను అని ఆవిడ.

పన్నెండేళ్ళ కిందట అనుకుంటాను, పంజాగుట్టలో మా చర్చి హాల్లో అభిరుచుల ప్రదర్శన పెట్టారు. న్యాయనిర్ణేతగా నేవీలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయన వస్తున్నాడని తెలిసిన దగ్గర్నించి పెదనాన్నకి నిద్ర లేదు. బహుమతి గురించి కాదు. ఒకప్పుడు పనికిరావు పొమ్మన్న చోటినించి ఒక మనిషి వచ్చి, తను కట్టిన ఓడ చూసి సరిగ్గా ఉంది అనాలి. అంతే ఆయన కోరిక. డిస్ట్రాయర్ని దుప్పట్లో చుట్టి, పెద్దమ్మ చిన్న ప్రార్థన చేసి, ముగ్గురం ఆటో ఎక్కాం. ముప్పావు మీటరు ఓడ మా ఒళ్ళో అడ్డంగా పడుకుంది. ఆటో ఆయన అద్దంలోంచి చూసి చూసి, "గిది నిజంగ నీళ్ళల్ల పోతదా సార్?" అని అడిగాడు. పోదనీ, కదిపితేనే విరుగుతుందనీ పెదనాన్న చెప్పాడు. "అయితే జర మెల్లగ పోతా, ఫికర్ జెయ్యకుండ్రి" అని, అమీర్‌పేట నించి పంజాగుట్టకి ఆటోని పెళ్ళి ఊరేగింపులా నడిపించాడు. దారి పొడుగునా వెనక హారన్లే. పోటీకి వెళ్తూ దాన్ని ఓడ అనకండి అని పెద్దమ్మ రెండుసార్లు హెచ్చరించింది.

ఆ ఆఫీసరుగారు బోన్సాయ్ మొక్కలూ, స్టాంపుల ఆల్బములూ దాటుకుని మా బల్ల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయాడు. వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఫిరంగులు లెక్కపెట్టాడు, తాళ్ళు ఎటు ఎక్కడ కట్టారో వేలు తగలకుండా చూపిస్తూ తనలో తను తలూపుకున్నాడు. ఇలాంటి దాంట్లోనే మూడేళ్ళు తిరిగాను అన్నాడు. పెదనాన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు, ఊపిరి వదిలాడో లేదో. అప్పుడాయన నడుం నిటారుగా చేసి, చాలా మెల్లిగా, అన్నీ సరిగ్గా ఉన్నాయిగానీ దీపాలు మాత్రం తారుమారయ్యాయండీ అన్నాడు. ఎడమంటే ఓడలో నిలబడి ముందుకు చూసేవాడి ఎడమ, ఎదురుగా నిలబడి చూస్తే అది మన కుడి అవుతుంది అని చేత్తో చూపించాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఎ-కి ఎ. అన్నేళ్ళుగా ఎదురుగా కూర్చుని తన ఎడమకే ఎరుపు పెట్టింది. ఇంట్లో ఉన్న పదకొండు ఓడలకీ అంతే. ఆయనకేమో రెండు చుక్కలూ మట్టి రంగే. ఆవిడ మొహం పాలిపోయింది.

ఆఫీసరుగారు తప్పు పట్టాలని అడగలేదు, పని బాగుందనే అడిగాడు, రంగులు ఎవరు వేశారని. ఏదో చెప్పడానికి పెద్దమ్మ నోరు తెరిచింది. ఆవిడకన్నా ముందు పెదనాన్న అన్నాడు. "నేనేనండీ. నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు. వైజాగ్‌లో మీవాళ్ళు నన్ను తీసుకోనిది అందుకే."

చుట్టూ మా చర్చివాళ్ళు చాలామంది ఉన్నారు, పాస్టరుగారితో సహా. అరంగుళం ఛాతీ కథ అందరికీ కంఠస్థమే. నాకు ఎక్కడ చూడాలో తెలియక ఓడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ ఆఫీసరుగారు చేతిలో ఉన్న మార్కుల కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత పెదనాన్న చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఏ సంవత్సరం వెళ్ళారు అని అడిగాడు. పెదనాన్న చెప్పాడు. నేను ఆ తర్వాతి ఏడే చేరానండీ, లేకపోతే ఒకే ఓడలో ఉండేవాళ్ళమేమో అన్నాడాయన. మొదటి బహుమతి ఒక మర్రి బోన్సాయ్‌కి వెళ్ళింది, మాకు రెండోది. వద్దన్నా వినకుండా ఓడ, ఓడ అన్నారని పెద్దమ్మ ఇంకో రోజైతే దెప్పేది. ఆ రోజు అనలేదు.

ఓడతో సహా మళ్ళీ ఆటో ఎక్కాం. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పెద్దమ్మ ఆయన వైపు తిరగకుండానే అడిగింది, "ఇన్నేళ్ళు దాచి, అంతమందిలో ఎందుకు చెప్పారండీ?"

"మరి దీపాలు నువ్వు పెట్టావని చెప్పమంటావా?"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రేపే కూర్చుని పదకొండింటికీ మార్చేస్తానంది. పెదనాన్న ఒళ్ళో ఉన్న ఓడ మీద దుప్పటి సర్దుతూ అన్నాడు. "వద్దులే, అలాగే ఉండనీ. నాకు రెండూ ఒకటేగా."

ఆ తర్వాత మనవలు సిగ్నలు దగ్గర పరీక్ష పెట్టి తాతయ్యని ఏడిపించారు, ఆయన కూడా నవ్వుతూ తప్పులు చెప్పాడు. ఆయన భయపడ్డ ఆ 'గుడ్డి' మాట మాత్రం ఎవరూ అనలేదు. దీనికోసమా ఇన్నాళ్ళు దాక్కున్నాను అని ఒకసారి నాతో అన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పెద్దమ్మ కూతురి దగ్గరికి మారుతున్నప్పుడు ఆ డిస్ట్రాయర్ నాకిచ్చింది. రంగులు మార్చొద్దన్న షరతు మీద ఇచ్చింది. నెలకోసారి చూడ్డానికి వస్తుంది. కుర్చీ ఓడ ముక్కు దగ్గరే వేయించుకుని, ఎడమకి ఎరుపు, సరిగ్గానే ఉంది కదే అని నవ్వుతుంది. ఇదివరకు పడవ అన్న నోటితోనే ఇప్పుడు ఓడ అంటోంది, దిద్దే మనిషి లేకపోయినా.

ఒక్కోసారి ఆవిడ వెళ్ళాక నేను ఓడ వెనక చివరకి వెళ్ళి, ఆయన కూర్చునే వైపు నించి చూస్తాను. అక్కణ్ణించి చూస్తే దీపాలు తప్పే. గడిచిపోయిన రోజుల్ని మనం ఎప్పుడూ ఎదురుగా నిలబడే చూస్తాం, కుడి ఎడమలు తెలియాలంటే అందులో ప్రయాణం చేసినవాళ్ళని అడగాలి, అదీ వాళ్ళలో ఒక్కరైనా మన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉండగానే.