పాతరలోకి దించిన దీపం

మొన్న ఆస్పరిలో మా అక్కవాళ్ళ పెరట్లో కొత్త గదికి పునాది తవ్వుతుంటే పాత జొన్నల పాతర బయటపడింది. ఎన్నేళ్ళుగానో మూతపడి ఉన్న ఆ నేలగుంత నుంచి ముక్కిన వాసన గుప్పుమనగానే, అందులోకి దిగబోతున్న మేనల్లుణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. డెబ్బై దాటిన నాకు అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

మీకూ గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు పాతర తెరిస్తే మొదట మనిషి దిగేవాడు కాదు, తాడుకు కట్టిన లాంతరు దిగేది. అది ఆరిపోతే లోపల గాలి చెడిందని అర్థం. ఇక మా అవ్వ ఆ పక్కకు కోడిని కూడా పోనిచ్చేది కాదు.

ఆ అవ్వ మనవణ్ణే, సముద్రం మొహం ఎరగని ఊరినుంచి పోయి, ఓడ ప్రమాదాలను విచారించే ఉద్యోగంలో చేరాను. నా మొదటి విచారణ ఒక బొగ్గు ఓడ. మూసి ఉన్న సరుకు గదిలోకి ఒకడు దిగి పడిపోయాడు, వాణ్ణి తేవడానికి ఇంకొకడు దిగాడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు. ముగ్గురిలో ఒక్కడూ ప్రాణాలతో పైకి రాలేదు. గాలిని పరీక్షించే మీటరు పాడైపోయి బీరువాలో పడి ఉంది. రూలు పుస్తకం కొత్తగా కంఠస్థం పట్టిన పొగరులో, మీటరు సంగతి ఎక్కడో చివర పెట్టి, అనుమతి లేకుండా దిగడమే కారణమని మొదటి పేజీలో రాసి సంతకం పెట్టేశాను.

మూడోవాడిది ఆదోని. సెలవులో వచ్చినప్పుడు, మనవైపు వాడే కదా అని వాళ్ళమ్మను చూడబోయాను. నేను రాసింది ఆమెకు ఎవరో అప్పటికే చదివి చెప్పారట. నీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని, ఒక్కటే అడిగింది.

"తోటోడు కండ్లముందర పడిపోతే, మావోడు సూస్తా నిలబడాల్నా అప్పా?"

గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. ఆ తర్వాత రాసిన ప్రతి నివేదికలోనూ చనిపోయినవాళ్ళ తప్పు వెతకడానికి ముందు, పాడైన మీటరును ఎవరు పట్టించుకోలేదో వెతికాను. కొన్ని ఓడల్లో పద్ధతులూ మారాయి. ఆ మొదటి పేజీ మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తిరగరాస్తానని పైవాళ్ళను అడగలేకపోయిన పిరికివాణ్ణి.

మొన్న లాంతరు తెమ్మంటే ఇంట్లో లేదు. మేనల్లుడు నవ్వి, ఫోను లైటు వేసి తాడుకు కట్టి దించాడు. అది అడుగున ధగధగా వెలిగింది.

"సూడు మామా, ఆరలేదు గదా, దిగుతాండాను" అన్నాడు.

గాలి ఉన్నా లేకున్నా వెలిగే దీపాలు వచ్చాయి ఇప్పుడు. వాడి చెయ్యి వదలకుండా, అక్క చేత దేవుడిగూట్లో వెలుగుతున్న ప్రమిద తెప్పించి, బొక్కెనలో పెట్టి దించాను. సగం దూరం పోకముందే ఆరిపోయింది.

వాడు అప్పటికే దిగి పడిపోయి ఉంటే, ఏ రూలూ గుర్తు రాకుండా వెనకే దూకేది నేనే. ఆదోని తల్లికి చెప్పాల్సిన జవాబు ఇన్నేళ్ళకు దొరికింది. వినడానికి ఆమె లేదు.