కొండ మీద మేక, కంచం పక్కన చెంబు

పక్కింట్లో ఇప్పపువ్వు వేయిస్తున్నారు. కళ్లు సరిగా పనిచేయనివాడికి ముక్కే దిక్కు కాబట్టి, మూకుడులో పువ్వు ఏ రంగుకు తిరిగిందో ఇక్కడ కూర్చునే చెప్పగలను. సరే, రంగు చెప్పలేను. మాడుతోందా లేదా అన్నది మాత్రం చెప్పగలను. ఈ తీపి వాసన వచ్చినప్పుడల్లా నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది. వేయించిన పువ్వులో నువ్వులు, బెల్లం వేసి దంచి, ముద్దలు చేసి హాస్టలు పిల్లలకు పంచేది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఎక్కువ చేసి చెబితే కలం ఆపేస్తోంది.

ఎస్తేరక్క ఆరడుగుల మనిషి అని మొదలుపెట్టాను, కలం ఆగింది. నిజానికి నా భుజం దాకా వచ్చేది, అంతే. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. మాది చిన్న క్రైస్తవ సంఘం. ప్రతి ఆదివారం వాక్యం బోధించే ముందు సాక్ష్యాలు ఉండేవి. ఆ వారం దేవుడు తనకు ఏం మేలు చేశాడో ఒక్కొక్కరు లేచి చెప్పాలి. ఎస్తేరక్క గోడ పక్కన చాప చివర నుంచి లేచి, "దేవుడు ఈ వారం గూడ నాతోనే ఉన్నడు. అందరికి వందనాలు" అని కూర్చునేది. వారం వారం అదే మాట. ఇదీ ఒక సాక్ష్యమేనా అనుకునేవాణ్ణి. నేను కాగితం ఫ్యాక్టరీకి జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవర్ని. నా సాక్ష్యంలో ఒక టైరు పేలితే నాలుగూ పేలేవి. రోడ్డు దాటిన అడవిపిల్లి మందిరానికి వచ్చేసరికి పులి అయ్యేది. నా తరువాత మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం చాలక మా పాస్టరు అయ్యగారు నన్ను చివరకు ఉంచేవారు. అసలు సంగతి, నేను మొదట లేస్తే మిగతావాళ్లకు టైము మిగిలేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నా కళ్లకు నీటికాసుల జబ్బు పట్టింది. ఎదురుగా బాగానే కనబడేది. పక్కలే కొద్దికొద్దిగా చీకటయ్యాయి, గుర్రానికి గంతలు కట్టినట్టు. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ చుక్కల మందు రాసి, "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే మందు మానొద్దు. లారీ మాత్రం ఇక నడపొద్దు" అని చెప్పింది. నాకు స్టీరింగు తప్ప మరో పని రాదు. లారీ దిగితే నేను ఎవరిని? ఆ భయంతోనే ఆ ఎండాకాలం గోదావరి ఒడ్డున జరిగిన సువార్త సభలకు పోయాను.

ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు నా కళ్ల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. కళ్లు తెరిచేసరికి మైకు నా నోటి ముందు ఉంది. "ఏం కనబడుతున్నది బ్రదర్?" అన్నాడు. మైకు ముందు ఊరుకునే నోరు కాదు నాది. "ఏటి అవతల కొండ కనబడుతున్నది!" అన్నాను. కొండ నిజమే. ఎదురుగానే ఉంది, పొద్దున కూడా కనబడింది. కానీ జనమంతా హల్లెలూయ అన్నారు. ఆ హోరులో ఇంకో మెట్టు ఎక్కాను. "కొండ మీద మేక కనబడుతున్నది! ఆకు మేస్తున్నది!" ఇక చూడండి. వారం తిరిగేసరికి ఆ మేకకు రెండు పిల్లలు పుట్టాయి. పాల్వంచ దాకా పిలిపించుకుని చెప్పించుకున్నారు.

నవ్వులాటకు చెప్పలేదు నేను. కళ్లు బాగయ్యాయని నమ్మాలని గట్టిగా అనుకున్నాను. బాగైనవాడు మందు వేసుకోవడం అవిశ్వాసమని చుక్కల సీసా అటక మీద పెట్టాను. లారీ నడుపుతూనే ఉన్నాను. ఎడమ పక్క చీకటి ఇంకా దగ్గరకు జరిగింది. ఎవరితో చెప్పను? నా కళ్లు బాగుపడలేదంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు గదా. ప్రార్థనకు మోకరిస్తే ఆ మేక తప్ప ఏమీ గుర్తొచ్చేది కాదు.

ఒకరోజు మలుపు దగ్గర, కట్టెల మోపుతో సైకిలు మీద పోతున్న మనిషి నాకు కనబడలేదు. కట్టెలు విరిగిన చప్పుడుకు బ్రేకు తొక్కాను. అతను పక్క కాలువలోకి దూకి బతికాడు. సైకిలు చక్రం వంకరపోయింది. బాగు చేయిస్తానని మాటిచ్చి బయలుదేరాను గాని, ఫ్యాక్టరీ గేటు దాకా రెండో గేరు దాటించలేదు. ఆదివారం అదే సంగతి సాక్ష్యమైంది. తెల్లబట్టల దేవదూత బంపరుకు చెయ్యి అడ్డం పెట్టి లారీ ఆపాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్తేరక్క కొట్టలేదు. ఆరాధన అయ్యాక గడప దగ్గర నిలబడి, "ఏమయ్య డ్రైవరు, ఇయ్యాల మా కాడ తిందువు రా" అంది.

హాస్టలు వంటింట్లో పీట వేసి, చింతచిగురు పప్పు వడ్డించింది. తింటూ తింటూ నా ఎడమ మోచెయ్యి దేనికో తగిలింది. నీళ్ల చెంబు బోర్లా పడి కంచమంతా నీళ్లు.

"చూడలేదక్కా," అన్నాను.

"నువ్వు కూసున్నప్పుడు అది ఆడ లేదు. నువ్వు తింటుంటె నేనే వంగి పెట్టిన. చెంబునే గాదు, నన్ను గూడ చూడలె నువ్వు."

కంచం వంచి నీళ్లు పారబోశాను.

"గోదారి అవతల కొండ మీద మేక కనబడ్డదంటివి. కంచం పక్కన చెంబు కనబడలేదా?"

"చెంబు చిన్నది గదక్కా."

"మేకెంతుంది? ఏనుగంతుందా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వు ముందు ఆగింది. "ఆదివారం పూట నువ్వు లారీ మీద వస్తుంటె మా పిల్లలు వరసగ మందిరానికి నడుస్తరు. నీ లారీకి ఏ పక్కన?"

ఎడమ పక్కన. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "బాగు కాలేదని చెప్తే దేవుని పేరేమైతది అక్కా?" అన్నాను.

"ఆయన పేరు కాపాడే డ్యూటీ నీకెవరేసిండ్రు? ఆయన పేరు ఆయన చూసుకుంటడు. నువ్వు నీ లారీ చూసుకో."

నేల తుడుస్తూ, నా మొహం చూడకుండా మిగతాది చెప్పింది. "నాకు ఒక్కతే బిడ్డ ఉండె. జరమొచ్చింది. మందులిప్పిచ్చిన, మోకాళ్ల మీద గూడ పడ్డ. బిడ్డ పోయింది. ఆదివారం అయ్యగారు సాక్ష్యాలన్నడు. లేచిన. బిడ్డ పోయింది, దేవుడు నాతోనే ఉన్నడు అని చెప్పి కూసున్న."

"నిజంగ ఉన్నడా?"

"అవ్. ఎందుకు బతికియ్యలేదో చెప్పలేదు. ఉన్నడు మాత్రం. అది తెలిసినంక దానికి ఇంకో మాట జత చెయ్యబుద్ధి కాలేదు."

వారం వారం నేను చిన్నచూపు చూసిన ఆ ఒక్క మాట వెనక ఇంత ఉందని అప్పుడు తెలిసింది. పిల్లను పోగొట్టుకున్న మనిషి ముందు, లారీ పోతుందని మేకను పుట్టించిన నేను తల ఎత్తలేకపోయాను. ఆమె మళ్లీ వడ్డించింది. తిన్నాను.

మరునాడు లారీ తాళం మా ఓనరు ఖాదర్ భాయి చేతిలో పెట్టాను. "అరె, కండ్లు బాగైనయని నా చెవులు తింటివి గద! మేక సంగతేంది మరి?" అన్నాడు. "మేక లేదు భాయ్" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, తాళం జేబులో వేసుకుని, "కూసో. చాయ్ తాగి పో" అన్నాడు.

ఆ ఆదివారం నా సాక్ష్యానికి మందిరమంతా ఏడ్చిందని చెప్పాలని ఉంది. ఎవరూ ఏడవలేదు. "నా కండ్లు బాగు కాలేదు. మేకను నేను చూడలేదు. దేవదూతను గూడ చూడలేదు, సైకిలాయన తనంతట తనే దూకిండు. లారీ ఇడిసిపెట్టిన. మస్తు భయమైతున్నది" అని చెప్పి ఆగాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు పాటల పుస్తకం తిరగేస్తున్నారు. గోడ పక్క నుంచి ఎస్తేరక్క, వంట రుచి చూసి సరిపోయింది అన్నట్టు, "స్తోత్రం" అంది.

చుక్కల సీసా కాలం దాటిపోయింది, కొత్తది కొనుక్కున్నాను. హాస్టలు వంటింట్లో ఆమె నాకు పని ఇప్పించింది. పెద్ద వంటవాణ్ణయ్యానని ఊళ్లో చెప్పుకున్నాను గాని, చేసింది వెల్లుల్లి వలవడం. పిల్లలు నన్ను మేక తాత అనేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది. ఒక మధ్యాహ్నం రెబ్బలు వలుస్తూ ఉంటే నా వేళ్లు వదులుగా ఉన్నాయని గమనించాను. లారీ దిగినా ఇన్నాళ్లూ అవి స్టీరింగు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉండేవి. దేవుణ్ణి ఏదైనా అడుగుదామంటే ఏమీ తోచలేదు. కళ్లు ఇమ్మని కూడా. చూపు లేదు, లారీ లేదు, ఉన్నచోట ఉన్నాను, ఆయనా అక్కడే ఉన్నాడు. అది చాలనిపించింది.

"అక్కా, నాకేదో అయింది. భయం కనబడతలేదు," అన్నాను.

"మంచిదే. పొట్టు సక్కగ తియ్యి," అంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నిద్రలో నవ్వుతూ పోయిందని చెప్పబోయాను, కలం మళ్లీ ఆగింది. కాళ్లు వాచి, దవాఖానాలో బాధపడే పోయింది. చివరిసారి చూడబోయి, "ఎట్లున్నవక్కా?" అని అడిగితే, "నొస్తున్నది. ఆయన ఉన్నడు," అంది. మొదటి మాటను రెండోది కప్పెయ్యలేదు. రెండూ పక్కపక్కనే ఉండనిచ్చింది.

చుక్కల మందు నిలబెట్టిన చూపు, తలుపు సందులోంచి చూసినంత మిగిలింది. మందిరంలో నా సాక్ష్యం ఇప్పుడు పొట్టిది. పాతవాళ్లు కొందరు పులి కోసం చూసి నిరాశపడతారు. ఇంట్లో కంచం ముందు కూర్చోగానే నా ఎడమ చెయ్యి దానంతట అదే పక్కకు పోతుంది. నేలంతా తడుముతుంది. చల్లగా చెంబు తగిలాక ఆగుతుంది. అప్పుడు ప్రార్థనకు కళ్లు మూసుకుంటాను.