పండుకునే పుస్తకం

ఇది ఒక మహావీరుడి కథ. ఇందులో నమ్మకద్రోహం ఉంది, నిండు సభలో అవమానం ఉంది, చివర ఒక రాజ్యం పోవడం కూడా ఉంది. ఇంతవరకు రాసి, చూసుకోవడానికి పక్కన ఒక పాత పుస్తకం తెరిచి పెట్టాను. అది టప్‌మని మూసుకుంది. మళ్లీ తెరిచాను, మళ్లీ మూసుకుంది. కాబట్టి ముందే ఒప్పుకుంటాను. వీరుడు నాంపల్లిలో ఒక ప్రెస్సులో బైండింగు మేస్త్రీ. రాజ్యమంటే కిటికీ పక్కన ఆరడుగుల బల్ల. ద్రోహి అదే ప్రెస్సులో ఎస్టిమేట్లు వేసే గుమస్తా. ఆ ఉద్యోగం నాదే.

పదేళ్లు దాటినా ఆ పుస్తకం అట్ట తెరిస్తే పుల్లటి మైదా జిగురు వాసన వస్తుంది. పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలిపేవారు రాజలింగం గారు. నిజంగానే ఇంతవరకు ఒక్క పురుగూ దాన్ని ముట్టుకోలేదు. పురుగులన్నిటిలోకీ దాన్ని ముట్టుకుని బాగుపడింది నేనొక్కణ్నే.

ఆయన గౌలిగూడలో పుట్టి పెరిగిన మనిషి. మేము తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం ఏర్పడ్డాక బందరు నుంచి వచ్చి కాచిగూడలో అద్దెకు దిగినవాళ్లం. ప్రెస్సులో చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. ఎవరైనా గంభీరంగా మాట్లాడుతుంటే మధ్యలో గాలి తీసేయడం నా బాధ్యత అనుకునేవాణ్ని. ఆయన రోజుకు పాతిక మాటలకు మించి వాడేవారు కాదు. మిగిలినవి జిగురు డబ్బాలో దాస్తున్నారని నేను ప్రెస్సంతా ప్రచారం చేశాను. విని కూడా ఆయన ఏమీ అనకపోవడంతో నా ప్రచారానికి బలం చేకూరింది.

పుస్తకం వేయించుకునేవారు వస్తే నేను పేజీలెన్ని, కాపీలెన్ని అని అడిగేవాణ్ని. ఆయన అడిగేది ఒకటే. “చదివేటప్పుడు చేతులు ఏం జేస్తుంటయి?” మొదటిసారి ఆ ప్రశ్న విన్నప్పుడు, వచ్చినాయన నోరు విప్పేలోగా నేనే జవాబిచ్చాను, భోంచేస్తుంటాయని. రాజలింగం గారు కాసేపు ఆలోచించారు. “గట్లయితే అట్టకు గుడ్డ వద్దు. తుడిస్తే మరక పొయ్యేది వెయ్యాలె” అన్నారు. నా హాస్యానికి అలా వైద్యం చేసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

అబిడ్స్‌లో ఆడపిల్లలకు టైపు నేర్పే సుశీల గారు ఒకరోజు తన పాఠాల పుస్తకం అచ్చుకు తెచ్చారు. రాజలింగం గారి ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “రెండు చేతులూ మిషను మీద, కళ్లు పుస్తకం మీద ఉండాలండీ. పుస్తకం పట్టుకోవడానికి మూడో చెయ్యి మా పిల్లల్లో ఎవరికీ లేదు.” అది మూసుకున్నప్పుడల్లా వాళ్ల చూపు మీటల మీదికి పోతుందని, ఆ అలవాటు పడితే పరీక్షలో వేగం రాదని చెప్పారు. అయితే పండుకునే బైండింగు వెయ్యాలన్నారు రాజలింగం గారు. తెరిచిన చోట తెరుచుకుని పడి ఉండే పుస్తకమని ఆయన ఉద్దేశం. మన ప్రెస్సులో పండుకునేవాళ్లకు కొదవా అన్నాను నేను. ప్రెస్సు యజమాని సేటు నవ్వారు.

వారం రోజులు కూర్చుని ఆయన ఖాళీ కాగితాలతో మూడు నమూనాలు చేశారు. మొదటిది పక్కన తీగ కుట్టింది, రెండోది వట్టి జిగురుతో అతికింది. మూడోదానికి, కాగితాలు మడిచి చేసిన ప్రతి ఫారాన్నీ నడుమ దారంతో కుట్టి, వెనక నాడాలు వేసి, పల్చటి జిగురు పట్టించి, అట్టకూ వీపుకూ మధ్య కాస్త బోలు వదిలారు. మూడూ పట్టుకుని ఇద్దరం సుశీల గారి ఇన్‌స్టిట్యూటుకు వెళ్లాం. మొదటిది తెరవగానే మూసుకుంది. రెండోదాన్ని ఆమె నాలుగుసార్లు గట్టిగా తెరిచేసరికి ఆకులు చేతికొచ్చాయి. మూడోది పెళ్లిభోజనం చేసినవాడిలా బల్ల మీద వెల్లకిలా పడి లేవలేదు. ఆమె దానిపక్కనే కూర్చుని ఒక పేజీ మొత్తం టైపు చేశారు. రాజలింగం గారు నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన రహస్యం చెప్పారు. చిన్న కాగితం ముక్క చించి, నాలుకతో తడిపి నా అరచేతిలో పెట్టారు. అది ఒక వైపుకే చుట్టుకుంది. “మిల్లులనే కాగితానికి ఒక దిక్కు పోగు వడ్తది తమ్మీ. పోగు కుట్టు పొంటి నిలువుగ ఉంటే పుట పండుకుంటది. అడ్డం ఉన్నదనుకో, ఎంత మంచిగ కుట్టినా లేస్తది. కాగితం కోయించేటప్పుడు జర యాదుంచుకో.”

మరిచిపోయి ఉంటే క్షమించుకునేవాణ్ని. మరిచిపోలేదు. పెద్ద తావుల్ని అడ్డంగా కోస్తే తుక్కు తక్కువ పోతుందని కాగితం మీద గీసి సేటుకు చూపించాను. ఆయన భుజం తట్టారు, అలాగే కోయించాను. నాలుకతో పుస్తకాలు చేస్తారా అని నాలో నేనే ఒక జోకు కూడా వేసుకున్నాను.

అచ్చయిన ఫారాలు బైండింగుకు వెళ్లిన రోజు రాజలింగం గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. పోగు అడ్డం పడిందని చెప్పి, తిట్టకుండా, గొంతు తగ్గించారు. “సేటుకు నువ్వే చెప్పు. నేను చెప్తే నీ మీద చాడీ చెప్పినట్లయితది.”

రెండుసార్లు సేటు గదికి వెళ్లాను. మొదటిసారి ఆయన ఫోనులో ఉన్నారు. రెండోసారి తీరిగ్గా ఉన్నారు. రెండుసార్లూ తిరిగొచ్చేశాను. మర్నాడు రాజలింగం గారు అడిగితే, సేటు అలాగే కానిమ్మన్నారని చెప్పాను. “ఔనా” అని ఆయన పనిలోకి దిగారు. దారం వదులు చేశారు, జిగురు ఇంకా పల్చన చేశారు, రెండింతల రోజులు బరువు కింద ఉంచారు. నా అబద్ధాన్ని పడుకోబెట్టడానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు.

పుస్తకాలు తయారయ్యాక సుశీల గారు వచ్చి, సేటు బల్ల మీద ఒకటి తెరిచి చేతులు తీసేశారు. అది టప్‌మని మూసుకుంది. సేటు మేస్త్రీని పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను.

“ఏంది రాజలింగం, ముప్ఫై ఏండ్ల పనితనం గిదేనా?”

ఆ మాటతోనే సేటుకు ఏమీ తెలియదని ఆయనకు అర్థమైపోయింది. నా వైపు చూశారు. ఆ చూపులో నేరం మోపడం లేదు. బస్సులో కాస్త జరిగి చోటిచ్చేవాడి చూపు అది. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. ఇంకో వాక్యం చెప్పాను.

“పుస్తకం కూడా మన రాజలింగం గారి లాగేనండీ. నలుగురిలో నోరు తెరవదు.”

సేటు పొట్ట పట్టుకుని నవ్వారు. సుశీల గారూ నవ్వాపుకోలేకపోయారు. గదిలో గాలి తేలికపడింది. అందులో నాకు మంచి నైపుణ్యం ఉండేది. రాజలింగం గారు మాత్రం పుస్తకం అందుకుని, నలిగిన అట్ట మూల బొటనవేలితో సరిచేసి, తిరిగి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

కిటికీ పక్క బల్ల ఇంకొకరికి ఇచ్చారు. ఆయనకు బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టే పని అప్పగించారు. మూడు వారాలు కొట్టి మానేశారు. చివరి రోజు గేటు దాకా వెంట వెళ్లాను. క్షమించమని అడగడానికే వెళ్లాను. ఆయనే ముందు మాట్లాడారు.

“ఆనాడు మంచిగన్నవ్ తమ్మీ. ఇంటికి వొయ్యి యాది జేసుకుంటే నాగ్గూడ నవ్వొచ్చింది.”

తర్వాత ఖైరతాబాదులో అల్లుడి ఇంట్లో ఉంటున్నారని విన్నాను. నాంపల్లి నుంచి అక్కడికి బస్సులున్నాయి. నేనే ఎక్కలేదు.

ఇప్పుడు ఏ కాగితం చేతికొచ్చినా దాని మూల నాలుకతో తడిపి చూస్తాను. శుభలేఖలు, కరెంటు బిల్లు, డాక్టరు రాసిన చీటీ, అన్నీ. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. పుస్తకం వేయించుకోవడానికి ఎవరొచ్చినా, చదివేటప్పుడు చేతులు ఏం చేస్తుంటాయని నేనే ముందు అడుగుతాను. అడిగి, జోకు వెయ్యకుండా జవాబు కోసం ఆగుతాను. నా చదువంతా అంతే.

ఆయన వెళ్లిపోయిన నెలకు, ఆనాడు చెప్పని వాక్యం బాగా సాధన చేసుకుని అబిడ్స్ వెళ్లాను. తప్పు కోయించిన కాగితానిదని, కోయించింది నేనని సుశీల గారికి నిలబడే అంతా చెప్పాను. ఆమె పేపర్లు దిద్దుతూనే విన్నారు. “ఆ పుస్తకాలా? మొదటి వారంలోనే సర్దేసుకున్నామండీ” అని లోపలి గదివైపు చూపించారు. అక్కడ పిల్లలు తల తిప్పకుండా టకటకా కొడుతున్నారు. ప్రతి పుస్తకమూ తెరిచిన చోటే తెరుచుకుని ఉంది. బట్టలు ఆరేసుకునే చెక్క క్లిప్పులు. అబిడ్స్‌లో డజను చొప్పున అమ్ముతారు. పుస్తకానికి రెండు చాలు.